ఆమె సాక్ష్యం చెప్పనంటే?

అమెరికాలో మనవాళ్ళ పాట్‌లక్కుల్లో ఎప్పుడో ఒకప్పుడు వినపడే మాట ఇది. ఎవరింట్లోనో గొడవైంది, పక్కింటివాళ్ళు 911కి ఫోన్ చేశారు, పోలీసులొచ్చి అబ్బాయిని తీసుకెళ్ళారు. "ఆ అమ్మాయి కేసు వెనక్కి తీసుకుంటే సరిపోయేదిగా?" అంటారు ఒకరు. "తీసుకుంటానన్నా వాళ్ళు వినట్లేదట" అంటారు ఇంకొకరు. అక్కణ్ణుంచి మాట ఇక్కడి చట్టాల మీదికి, తర్వాత మన 498-ఏ మీదికి, చివరికి బిర్యానీ మీదికి మళ్ళుతుంది.

నేను లాయర్ని కాదు, కోడు రాసుకుని బతికేవాణ్ణి. కానీ ఆ "వినట్లేదట" అన్న ముక్క నన్ను కొన్నాళ్ళు వదల్లేదు. దెబ్బలు తిన్న మనిషే వద్దంటుంటే, మధ్యలో ప్రభుత్వానికేంటి పట్టుదల? ఈ పద్ధతి ఎప్పుడు మొదలైంది, ఎందుకు మొదలైంది? దీనివల్ల ఆ ఆడమనిషికి మంచి జరిగిందా, చెడు జరిగిందా? చదువుతూ పోతే ఇది ఒక వృత్తి తన పని తాను మళ్ళీ నేర్చుకున్న కథ అని తెలిసింది. ఆ వృత్తి ప్రాసిక్యూటర్లది. సినిమాల్లో "అబ్జెక్షన్ యువరానర్" అనే పాత్ర తప్ప వాళ్ళ గురించి మనకు తెలిసింది తక్కువ. అందుకే ఈ టపా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిక చేసుకోండి.

ముందుగా ఒక చిన్న విషయం. క్రిమినల్ కేసు పేరు ఎప్పుడైనా గమనించారా? "స్టేట్ వర్సెస్ ఫలానా" అని ఉంటుంది. అక్కడ భార్య పేరుండదు. చట్టం లెక్కలో ఆమె ఫిర్యాది కూడా కాదు, సాక్షి మాత్రమే. కేసు ప్రభుత్వానిది, దాన్ని నడిపేది ప్రాసిక్యూటరు. కాబట్టి "కేసు వెనక్కి తీసుకోవడం" అనే అధికారం సిద్ధాంతం ప్రకారం ఆమె చేతిలో ఎప్పుడూ లేదు. ఆచరణలో మాత్రం చాలాకాలం ఆమె మీదే వదిలేశారు. మిగతా నేరాల్లో వదల్లేదు, ఇందులోనే వదిలేశారు. బ్యాంకు దోపిడీ కేసులో "మీరు నిజంగా కేసు పెట్టాలనుకుంటున్నారా?" అని క్యాషియర్ని ఎవరూ అడగరు కదా.

తెర వెనక సంసారం

దీని మూలాలు పాతవి. 1824లో మిసిసిపి రాష్ట్ర సుప్రీం కోర్టు, భార్యను "మితంగా" దండించే హక్కు భర్తకు ఉందని ఒప్పుకుంది. 1871లో అలబామా కోర్టు అలాంటి హక్కేమీ లేదని తేల్చింది. అంతటితో మారిపోయిందనుకుంటాం. కానీ నార్త్ కరోలినా కోర్టు 1868లోనూ, మళ్ళీ 1874లోనూ ఇంకో దారి పట్టింది. భర్తకు కొట్టే హక్కు లేదు నిజమే, అయినా శాశ్వతంగా మిగిలే గాయమేదీ లేకపోతే తెర దించేసి ఆలుమగల్ని వాళ్ళ మానాన వదిలెయ్యడమే మేలు అంది. హక్కు పోయింది, రక్షణ మాత్రం అలాగే ఉంది. "సంసారం గుట్టు" అని మన పెద్దలనే మాటకీ ఆ జడ్జీల మాటకీ ఎంత దగ్గర చుట్టరికమో చూడండి.

ఆ తర్వాత నూరేళ్ళు తెర పెద్దగా కదల్లేదు. 1960ల చివర్లో న్యూయార్కు పోలీసులకి ఇంటి గొడవల్లో మధ్యవర్తిత్వం ఎలా చెయ్యాలో శిక్షణ మొదలైంది. అప్పటికి అది ఆధునికమైన ఆలోచన. భర్తను కాసేపు అలా తిరిగి రమ్మనడం, ఇద్దరికీ సర్దిచెప్పడం, అరెస్టు వీలైనంతవరకూ మానుకోవడం. మన స్టేషన్లలో జరిగే పంచాయితీకి కొంచెం మనస్తత్వశాస్త్రం కలిపారన్నమాట.

1976లో ఆడవాళ్ళు ఎదురు తిరిగారు. కాలిఫోర్నియాలోని ఓక్లాండులో పోలీసుల మీదా, న్యూయార్కులో పోలీసులతో పాటు ఫ్యామిలీ కోర్టు సిబ్బంది మీదా దావాలు వేశారు. వాళ్ళడిగింది కొత్త చట్టం కాదు, ఉన్న చట్టాన్నే తమకూ వర్తింపజెయ్యమన్నారు. న్యూయార్కు పోలీసులు 1978లో రాజీకొచ్చి, నేరం జరిగిందనడానికి ఆధారం ఉంటే అరెస్టు చేస్తామని ఒప్పుకున్నారు.

ఆ రోజుల్లో ప్రాసిక్యూటర్ల ఆఫీసుల్లో ఒక విషవలయం ఉండేది. "ఎలాగూ రేపొచ్చి కేసు వద్దంటుంది, మనం కష్టపడటం దేనికి" అని వాళ్ళు ఫైలు పక్కన పెట్టేవాళ్ళు. ఫైలు కదలట్లేదని, తనకు అండగా ఎవరూ లేరని తెలుసుకున్న ఆమె నిజంగానే వచ్చి వద్దనేది. "చూశారా, మేం చెప్పలే?" అనేవాళ్ళు వీళ్ళు. ప్రొడక్షన్లో బగ్ రిపోర్టు చేసినవాడికి నెలరోజులు జవాబివ్వకుండా ఉండి, వాడు విసిగి ఊరుకున్నాక "యూజర్ స్పందించలేదు" అని టికెట్ మూసేసే టీములు మనకు తెలియనివా!

1984: పోలీసులు మారితే ఫైళ్ళు పెరిగాయి

1984లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి మిన్నియాపొలిస్ ప్రయోగం. లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బెర్క్ అనే ఇద్దరు పరిశోధకులు పోలీసులతో కలిసి 314 గృహహింస కేసుల్లో చేసిన పని ఇది. ఎవర్ని అరెస్టు చెయ్యాలి, ఎవరికి సర్దిచెప్పాలి, ఎవర్ని కాసేపు ఇంట్లోంచి పంపెయ్యాలి అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించారు. ఆర్నెల్లు గమనిస్తే, పోలీసు రికార్డుల ప్రకారం అరెస్టయిన వాళ్ళలో 10 శాతం, సర్దిచెప్పిన వాళ్ళలో 19 శాతం, బయటికి పంపిన వాళ్ళలో 24 శాతం మళ్ళీ చెయ్యి చేసుకున్నారు. తర్వాత వేరే ఊళ్ళలో ఇదే ప్రయోగం చేస్తే ఫలితాలు ఇంత సూటిగా రాలేదు. మిల్వాకీలో ఉద్యోగం లేని మగవాళ్ళని అరెస్టు చేస్తే హింస పెరిగినట్టు కూడా కనపడింది. కానీ ఆ వివరాలొచ్చేలోపే దేశమంతా అరెస్టు విధానాలు పాకిపోయాయి.

రెండోది కనెక్టికట్ రాష్ట్రంలోని టోరింగ్టన్ కేసు. ట్రేసీ థర్మన్ అనే ఆవిడ విడిగా ఉంటున్న భర్త బెదిరింపుల గురించి పోలీసులకి పదే పదే మొరపెట్టుకుంది. 1983 జూన్ 10న అతను ఆమెని కత్తితో పొడిచాడు. పోలీసు వచ్చాక కూడా ఆ పోలీసు కళ్ళముందే ఆమె తలమీద తన్నాడు. ఆమె బతికింది, ఊరి మీద దావా వేసింది. పరాయివాడు కొడితే ఒక న్యాయం, మొగుడు కొడితే ఒక న్యాయం అనే విధానం రాజ్యాంగానికి విరుద్ధమయ్యే అవకాశం ఉందని ఫెడరల్ కోర్టు 1984లో కేసు ముందుకు సాగనిచ్చింది. 1985లో జ్యూరీ 23 లక్షల డాలర్ల పరిహారం ఇమ్మంది. నీతిశాస్త్రంతో కదలని మునిసిపాలిటీలు ఈ అంకె చూసి కదిలాయి.

అరెస్టులు పెరిగితే ఫైళ్ళన్నీ వచ్చి పడేది ఎక్కడ? ప్రాసిక్యూటరు బల్ల మీద. మళ్ళీ అదే ప్రశ్న: ఆమె సాక్ష్యం చెప్పనంటే?

శాన్‌డియేగో జవాబు

దీనికి గట్టి జవాబు చెప్పింది శాన్‌డియేగో నగర అటార్నీ ఆఫీసు. 1980ల రెండో సగంలో కేసీ గ్విన్ అనే యువ ప్రాసిక్యూటరు, ఆయన తోటివాళ్ళు కలిసి ఒక విధానం పెట్టుకున్నారు. ఆమె అడిగినంత మాత్రాన కేసు ఎత్తెయ్యకూడదు. వాళ్ళ వాదన చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. హత్య కేసులో చనిపోయిన మనిషి వచ్చి సాక్ష్యం చెప్పదు కదా, అయినా కేసులు నిరూపిస్తున్నాం. మరి ఇక్కడెందుకు ఆమె ఒక్కదాని నోటి మీదే ఆధారపడుతున్నాం?

దాంతో పని మొత్తం మారింది. 911 కాల్ రికార్డింగు తెప్పించడం. ఆ రాత్రే గాయాల ఫోటోలు తియ్యడం, మళ్ళీ రెండు మూడు రోజులాగి కమిలిన గుర్తులు తేలాక ఇంకోసారి తియ్యడం. పగిలిన ఫోను, విరిగిన తలుపు, చిరిగిన బట్ట. పక్కింటివాళ్ళ మాటలు, డాక్టరు రాసుకున్న నోట్సు, పోలీసు రాగానే ఆమె వణుకుతూ చెప్పిన మొదటి మాటలు. ఉద్వేగంలో ఉండగా అప్పటికప్పుడు నోటినుంచి వచ్చిన మాటని, చెప్పిన మనిషి కోర్టుకు రాకపోయినా సాక్ష్యంగా తీసుకునే వెసులుబాటు అక్కడి చట్టంలో ఉండేది. మన భాషలో చెప్పాలంటే, యూజర్ నోట కథ వినడం మానేసి లాగ్ ఫైళ్ళు చదవడం మొదలుపెట్టారు.

ఇందులో అసలైన తెలివి సాక్ష్యాల్లో కన్నా ఆమె మీద భారం తగ్గించడంలో ఉంది. ఇంటికెళ్ళాక "నువ్వే కదా కేసు పెట్టావు, వెళ్ళి తీయించు" అని మొగుడు, అత్తమామలు, చుట్టాలు మీద పడతారు. "నా చేతిలో లేదు, ప్రాసిక్యూటర్ని అడగండి" అనగలిగితే వాళ్ళ ఒత్తిడికి అర్థం ఉండదు. ఆమెను బెదిరించి లాభం లేదని తెలిసినప్పుడు బెదిరించడానికి కారణం ఒకటి తగ్గుతుంది.

ఇంకో మార్పు కూడా వచ్చింది. అంతకుముందు ఒక కేసు నాలుగు చేతులు మారేది, ఆమె ప్రతిసారీ కొత్త లాయరుకి మొదట్నుంచీ చెప్పుకోవాల్సొచ్చేది. ప్రత్యేక విభాగాలు పెట్టాక మొదట్నుంచి చివరిదాకా ఒకే ప్రాసిక్యూటరు చూడటం మొదలైంది. పక్కన ఒక సహాయకురాలు ఉంటుంది. ఆవిడ పని కేసు గెలవడం కాదు, ఈమె రాత్రి ఎక్కడ పడుకోవాలో, పిల్లల స్కూలు ఎలాగో, కోర్టులో అతను ఎటువైపు కూర్చుంటాడో చూసుకోవడం.

1995లో శాన్‌డియేగోలో గొంతు నులమడం గురించి ఒక పాఠం నేర్చుకున్నారు. అంతకుముందు పోలీసులకి ఫిర్యాదు చేసిన ఇద్దరు టీనేజీ అమ్మాయిలు హత్యకు గురయ్యారు. దాంతో గేల్ స్ట్రాక్ అనే ప్రాసిక్యూటరు, జార్జ్ మెక్లేన్ అనే ఎమర్జెన్సీ డాక్టరు గొంతు నులిమిన పాత కేసులు 300 తిరగేశారు. 2001లో అచ్చయిన ఆ అధ్యయనం తేల్చిందేమిటంటే, కనీసం సగం కేసుల్లో పైకి ఏ గుర్తూ కనపడలేదు. గుర్తు లేదు కాబట్టి "చిన్న గొడవ" అని రాసుకున్నారు. కానీ ఊపిరాడకపోవడం, గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం ఇవన్నీ ప్రాణం మీదికొచ్చిన లక్షణాలు. అడిగితే చెబుతారు, ఎవరూ అడగలేదు. ఆ తర్వాత రాష్ట్రాలు ఒక్కొక్కటిగా గొంతు నులమడాన్ని తీవ్ర నేరంగా చేస్తూ చట్టాలు తెచ్చాయి. ప్రశ్నల పట్టికలో నాలుగు ప్రశ్నలు చేరిస్తే ఎంత మారుతుందో చూడండి.

ఇండియానాపొలిస్ ఎదురు ప్రశ్న

ఇంతవరకూ చదివి "అయితే ఆమె మాట వినకపోవడమే రైటు" అనుకుంటారేమో. ఆగండి. కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు ఇక్కడే.

1986-87లో ఇండియానాపొలిస్‌లో డేవిడ్ ఫోర్డ్, మేరీ జీన్ రెగోలి అనే పరిశోధకులు ప్రాసిక్యూషన్ మీదే ప్రయోగం చేశారు. తమంతట తామే వచ్చి ఫిర్యాదు చేసిన ఆడవాళ్ళలో కొందరికి కావాలంటే కేసు వదులుకోవచ్చన్నారు, మిగతావాళ్ళకి వీల్లేదన్నారు. ఆర్నెల్ల తర్వాత ఎవరు క్షేమంగా ఉన్నారని చూస్తే, వదులుకునే స్వేచ్ఛ ఉండి కూడా వదులుకోని వాళ్ళు అందరికన్నా క్షేమంగా ఉన్నారు. స్వేచ్ఛ ఉంది కదా అని వదిలేసుకున్న వాళ్ళకి ఆ రక్షణ దక్కలేదు.

దీన్ని ఫోర్డ్ అర్థం చేసుకున్న తీరు ఇది. కేసు అనేది ఆమె చేతిలో ఒక ఆయుధం. "ఇంకోసారి చెయ్యెత్తావో, కేసు నడుస్తుంది" అని ఆమె అనగలగాలి, ఆ మాట వెనక ప్రభుత్వం నిలబడాలి. ఆయుధం మొత్తం ప్రాసిక్యూటరే లాగేసుకుంటే ఆమె మళ్ళీ ఒట్టి చేతులతో మిగులుతుంది. ఇంట్లో ఒకడి మాట వినాలి, కోర్టులో ఇంకొకరి మాట వినాలి. లిండా మిల్స్ అనే న్యాయశాస్త్ర పండితురాలు 1999లో హార్వర్డ్ లా రివ్యూలో దాదాపు ఇదే విమర్శ ఇంకా ఘాటుగా చేసింది. ప్రభుత్వం కూడా కొట్టే మొగుడిలాగే పెత్తనం చేస్తోందంది.

ఈ విమర్శ గాలిలోంచి రాలేదు. సాక్ష్యం చెప్పనన్న బాధితురాళ్ళ మీదే వారంట్లు తీసుకోవడం, కోర్టు ధిక్కారం కింద జైల్లో పెడతామని బెదిరించడం జరిగాయి. కాలిఫోర్నియా 2008లో చట్టం మార్చి, సాక్ష్యం చెప్పని గృహహింస బాధితురాల్ని ఆ కారణంగా జైల్లో పెట్టకూడదంది. చట్టం రాసి మరీ ఆపాల్సొచ్చిందంటే ఆలోచించండి.

2004: లాగ్ ఫైళ్ళు చెల్లవన్నారు

సాక్ష్యాలతోనే కేసు నడుపుదామన్న పద్ధతికి పెద్ద దెబ్బ 2004 మార్చిలో తగిలింది. క్రాఫర్డ్ వర్సెస్ వాషింగ్టన్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు, నిందితుడికి ఎదురుగా నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పని మనిషి పోలీసులకిచ్చిన వాంగ్మూలాన్ని అతని మీద వాడకూడదంది. తమాషా ఏంటంటే అది గృహహింస కేసే కాదు, ఒకడు ఇంకొకణ్ణి పొడిచిన కేసు. కానీ ఎక్కువగా కూలిపోయినవి గృహహింస కేసులే.

2006లో డేవిస్ కేసులో కొంత సర్దారు. ప్రమాదం జరుగుతుండగా సాయం కోసం 911కి చెప్పిన మాటలు చెల్లుతాయి. ప్రమాదం గడిచాక పోలీసు కూర్చోబెట్టి రాయించుకున్నవి, ఆమె కోర్టుకి రాకపోతే చెల్లవు. 2008లో గైల్స్ కేసులో ఇంకో చిక్కొచ్చింది. ఆమె కోర్టుకి రాలేకపోవడానికి అతనే కారణమైనా, రాకుండా చెయ్యాలనే ఉద్దేశంతోనే ఆ పని చేశాడని చూపిస్తేనే అతను తన హక్కు కోల్పోతాడంది కోర్టు.

ఈ తీర్పులు చదివితే కోపమొస్తుంది. కానీ నిందితుడికి ఎదురు ప్రశ్నించే హక్కు లేని కోర్టులో నేనూ, మీరూ నిలబడాలనుకోం. ఆ హక్కు విలువైనదే. దానివల్ల ప్రాసిక్యూటర్లకి దారి ఒక్కటే మిగిలింది. ఆమె లేకుండా గెలవడమెలా అని మాత్రమే కాకుండా, ఆమె భయం లేకుండా రాగలగాలంటే ఏం కావాలి అని కూడా అడగడం.

అదృష్టం కొద్దీ ఆ పని అప్పటికే మొదలైంది. 2002 అక్టోబరులో శాన్‌డియేగోలో ఫ్యామిలీ జస్టిస్ సెంటర్ తెరిచారు. పోలీసు, ప్రాసిక్యూటరు, డాక్టరు, కౌన్సెలరు, ఉచిత లాయరు అందరూ ఒకే కప్పు కింద. అంతకుముందు ఆమె ఒక చోట ఫిర్యాదు, ఇంకో చోట రక్షణ ఉత్తర్వు, మూడో చోట వైద్యం అని పిల్లాణ్ణి చంకనేసుకుని బస్సులు మారేది. 2003లో ఫెడరల్ ప్రభుత్వం 2 కోట్ల డాలర్లతో ఇలాంటివి 15 చోట్ల పెట్టిస్తామని ప్రకటించింది.

మనవాళ్ళ సంగతి

ఇప్పుడు మళ్ళీ పాట్‌లక్కుకి వద్దాం. హెచ్-1 అబ్బాయి, హెచ్-4 అమ్మాయి. ఆమె ఈ దేశంలో ఉండటానికి ఆధారం అతని వీసా. 1996 చట్టం ప్రకారం గృహహింస నేరం రుజువైతే అతణ్ణి దేశంలోంచి పంపెయ్యొచ్చు. అతని వీసా పోతే ఆమెదీ పోతుంది. బ్యాంకు ఖాతా అతని పేరునే ఉంటుంది, చెల్లెలి పెళ్ళి ఇంకా కాలేదు, ఊళ్ళో అమ్మానాన్నలు ఎవరికీ చెప్పొద్దంటారు. ఇలాంటి మనిషి "కేసు వద్దు" అంటే దాన్ని క్షమ అనుకోవాలా, ప్రేమ అనుకోవాలా? చాలాసార్లు అది వట్టి లెక్క. ఆ లెక్క ప్రాసిక్యూటరుకి తెలియాలి.

1994లో వచ్చిన మహిళలపై హింస నిరోధక చట్టం, భర్త సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే భార్య తనంతట తానే గ్రీన్‌కార్డుకి అర్జీ పెట్టుకునే వీలిచ్చింది. హెచ్-4 భార్యకి ఆ దారి లేదు. 2000లో యు-వీసా పుట్టింది. నేరానికి బాధితురాలై, దర్యాప్తుకి సాయపడినవాళ్ళకి ఇచ్చేది. దానికి ఒక ఫారం మీద పోలీసో, జడ్జో, ప్రాసిక్యూటరో సంతకం పెట్టాలి. ఆ ఒక్క సంతకం ఒక మనిషి బతుకు మార్చగలదు. కానీ పెట్టి తీరాలని ఫెడరల్ చట్టంలో లేదు. ఒక కౌంటీలో పెడతారు, పక్క కౌంటీలో పెట్టరు. కాలిఫోర్నియా లాంటి చోట్ల, అర్హత ఉంటే పెట్టాల్సిందేనని 2016 నుంచి రాష్ట్ర చట్టమే చెబుతోంది. ఏడాదికి 10,000 వీసాలే అనే పరిమితి ఉండటంతో నిరీక్షణ ఏళ్ళ తరబడి సాగుతుంది. ఇక హింసకు గురైన హెచ్-4 భార్యలకి పని చేసుకునే అనుమతి ఇవ్వాలని 2005 చట్టం అంటే, దానికి ఫారం చేతికొచ్చేసరికి 2017 అయింది. పన్నెండేళ్ళు! మన రిలీజులే నయం.

ఇందులో ఒక మెలిక ఉంది. ఇలాంటి సంతకం పెట్టినట్టు డిఫెన్సు లాయరుకి తెలియజెయ్యాలి. అతను కోర్టులో "వీసా కోసం అబద్ధం చెబుతోంది" అంటాడు. మంచి ప్రాసిక్యూటరు దీనికి జంకి సంతకం మానడు. వీసా గురించి ఆమెకి తెలియకముందే, ఆ రాత్రే నమోదైన 911 కాలు, ఫోటోలు చూపిస్తాడు. శాన్‌డియేగో పద్ధతి మళ్ళీ ఇక్కడ అక్కరకొస్తుంది.

భాష ఇంకో సంగతి. పోలీసులొచ్చినప్పుడు భర్త ఇంగ్లీషు గడగడా మాట్లాడతాడు, ఆమె తడబడుతుంది. కథ ఎవరి వైపునుంచి రాసుకుంటారో చెప్పక్కర్లేదు. భర్తనో, అత్తగారినో, ఎనిమిదేళ్ళ కొడుకునో దుబాసీగా పెట్టకూడదన్నది ఇప్పుడు శిక్షణలో చెప్పే మొదటి పాఠం. మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసం న్యూజెర్సీలో 1985లో మానవి, న్యూయార్కులో 1989లో సఖి, బే ఏరియాలో 1991లో మైత్రి మొదలయ్యాయి. "నలుగురూ ఏమనుకుంటారో" అన్న మాటకి అర్థం అమెరికన్ ప్రాసిక్యూటరుకి విడమరిచి చెప్పగలిగేది ఇలాంటి సంస్థలవాళ్ళే.

మరి మన దేశంలో?

మనకి 1983లో 498-ఏ వచ్చింది, 2024 జులై నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. మొదట్లో అది రాజీకి వీల్లేని నేరం. అంటే మనం కాగితం మీద శాన్‌డియేగో కన్నా ముందే "వెనక్కి తీసుకోకూడదు" అన్నాం. కాగితం మీద మాత్రమే. మన ప్రాసిక్యూటరు చేతికి ఫైలు సాధారణంగా ఛార్జిషీటు అయ్యాక వస్తుంది. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం నేరుగా సాక్ష్యం కాదు. ఆమె కోర్టులో "ఏమీ జరగలేదు" అంటే హోస్టైల్ అని ప్రకటించి చేతులు దులుపుకోవడమే. బయట రాజీ, లోపల నాటకం.

2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక సవరణ తెచ్చింది. దాని ప్రకారం మన రాష్ట్రంలో కోర్టు అనుమతితో ఆమె 498-ఏ కేసు రాజీ చేసుకునే వీలుండేది, కాకపోతే అర్జీ పెట్టాక కనీసం మూడు నెలలు ఆగాల్సొచ్చేది, ఈలోపు మనసు మార్చుకుంటే రాజీ ఉండేది కాదు. ఇది చదివినప్పుడు నాకు ఇండియానాపొలిస్ గుర్తొచ్చింది. వదులుకునే స్వేచ్ఛ, ఆలోచించుకునే గడువు. కానీ తేడా ఎక్కడంటే, ఆ మూడు నెలలూ ఆమె ఎవరింట్లో ఉంటుంది, ఎవరు ఆమెతో మాట్లాడతారు అన్నదాని మీద ఆ గడువు విలువ ఆధారపడుతుంది. అండ ఉంటే అది ఆలోచించుకునే సమయం. లేకపోతే ఒత్తిడి పెట్టడానికి వాళ్ళకిచ్చిన సమయం.

కొన్ని మెట్లు ఎక్కాం. 2009 చివర్నుంచి బాధితురాలు ప్రాసిక్యూటరుకి సాయంగా తన లాయర్ని పెట్టుకోవచ్చు, నిందితుణ్ణి వదిలేస్తే తనే అప్పీలు చేసుకోవచ్చు. 2018లో సుప్రీం కోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. 2019లో, పుట్టింట్లో తలదాచుకున్న చోటే కేసు పెట్టుకోవచ్చంది. 2024లో అమల్లోకొచ్చిన నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, ప్రాసిక్యూటరు కేసు ఉపసంహరించుకోవాలంటే ముందు బాధితుల మాట కోర్టు వినాలి. హైదరాబాదులో 2016లో భరోసా కేంద్రం పెట్టారు, ఫ్యామిలీ జస్టిస్ సెంటర్ లాంటి ఆలోచనే.

ఇక్కడ "తప్పుడు కేసుల సంగతేంటి?" అని అడిగేవాళ్ళుంటారని తెలుసు. సరైన ప్రశ్నే. 2014లో అర్నేష్ కుమార్ తీర్పులో సుప్రీం కోర్టు కూడా అలవాటుగా చేసే అరెస్టుల్ని తప్పుపట్టింది. కానీ ఈ కథంతా చదివాక నాకనిపించేది ఒకటే. ఆమె నోటి మాట మీదే కేసు నిలబెడితే నిజమైన బాధితురాలు నలిగిపోతుంది, అమాయకుడు కూడా నలిగిపోతాడు. మొదటి రోజే ఫోటో, మెడికల్ రిపోర్టు, ఫోన్ మెసేజీలు, పక్కింటి సాక్ష్యం సేకరిస్తే నిజమైన కేసు నిలబడుతుంది, కల్పించిన కేసు తొందరగా తేలిపోతుంది. ఈ పద్ధతి వల్ల రెండు వైపులా ఉన్న నిజాయితీపరులకి నష్టం లేదు.

మొదటి ప్రశ్నకొస్తే, "వినట్లేదట" అన్నదానికి నా జవాబు ఇది. వినడం వేరు, ఆమె అన్నదానికి తల ఊపడం వేరు. "కేసు వద్దు" అన్నప్పుడు "ఎందుకు వద్దంటున్నారు?" అని అడిగి, ఆ కారణాల్లో వీసా ఏది, అద్దె ఏది, భయం ఏది అని విడదీసి, ఒక్కోదానికీ దారి చూపించాక అప్పటికీ వద్దంటే ఆ మాటకి విలువిచ్చే ప్రాసిక్యూటరు ఆమె మాట విన్నట్టు. అలాంటివాళ్ళు అక్కడా అన్ని చోట్లా లేరు, ఇక్కడా అన్ని చోట్లా లేరు.

మనలాంటివాళ్ళం చెయ్యగలిగింది చిన్నదే గానీ ఉంది. గోడ అవతల అరుపులు వినపడితే ఫోన్ చెయ్యండి, ఆ కాలే రేపు ఆమె తరఫున మాట్లాడొచ్చు. తేదీ, టైము రాసిపెట్టుకోండి. అడిగితే సాక్ష్యం చెప్పడానికి వెనకాడకండి. అమెరికాలో జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, మన దేశంలో మహిళా హెల్ప్‌లైన్ 181. ఈ రెండు నంబర్లూ మీ ఫోన్లో ఉంటే నష్టం లేదు. లాయర్లు ఎవరైనా చదివితే, మన కోర్టుల్లో ఆ మూడు నెలల గడువు నిజంగా ఎలా గడిచేదో రాయండి, తెలుసుకోవాలనుంది.